వైఫై కలిసింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు



అంగళ్లులో రూమ్ తీసుకుని చదువుకుంటున్న మన తండా చెల్లి ఒకామె మొన్న స్కాలర్‌షిప్ పని మీద ఉచిత వైఫై ఉన్న ఒక చోటికి పోయింది. ల్యాప్‌టాప్‌లో 'కనెక్టెడ్' అని వచ్చింది. జ్ఞానభూమి సైట్ మాత్రం తెరుచుకోలేదు. గంటసేపు తంటాలు పడి, "నాకు కంప్యూటర్ రాదన్నా" అంటూ తిరిగొచ్చింది. తప్పు ఆమెది కాదని చెప్పడానికే మేము ఈ పోస్టు రాస్తున్నాం.

జరిగేది ఇదీ. వైఫైకి కలవగానే కంప్యూటర్ తనకు ముందే తెలిసిన ఒక అడ్రస్‌ను అడిగి చూస్తుంది. విండోస్‌కైతే 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అనే మాటలు రావాలి. ఆపిల్‌కు 'సక్సెస్' అని రావాలి. ఆండ్రాయిడ్‌కు 204 అనే ఖాళీ జవాబు రావాలి. ఇంకేదన్నా వస్తే, మధ్యలో ఎవరో ఆపారని గ్రహించి లాగిన్ పేజీ చూపిస్తుంది.

ఒక్కోసారి ఆ పేజీ రాదు. ఇప్పుడు మనం తెరిచే సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్‌వే. వాటిని దారి మళ్లిస్తే బ్రౌజర్ ఒప్పుకోదు, హెచ్చరిక పెడుతుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు పోవద్దు. నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ లాంటి, చివర ఎస్ లేని హెచ్‌టీటీపీ అడ్రస్ కొట్టండి. వీపీఎన్ ఉంటే కాసేపు ఆపండి. చాలాసార్లు లాగిన్ పేజీ వచ్చేస్తుంది.

ఇక అసలు మాట. పేజీ వచ్చాక అడిగేది ఓటీపీ. రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ ఇచ్చే ఉచిత వైఫై కూడా మొబైల్ నంబరే అడుగుతుంది. మన ఇళ్లలో చాలాచోట్ల ఉండేది ఒక్క సిమ్మే. అది కూలికి బెంగళూరు పోయిన నాన్న జేబులో ఉంటుంది. ఆయన పనిలోంచి ఫోన్ తీసి చూసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది.

భద్రత కోసం ఎవరు వాడుతున్నారో తెలియాలి కదా అంటారు. నిజమే, కాదనం. కానీ 2009లో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశాల్లోనే ఫోటో గుర్తింపు కార్డు కాపీ తీసుకుని లాగిన్ ఇచ్చే దారి కూడా ఉంది. మరి హాస్టల్లో, లైబ్రరీలో కాలేజీ ఐడీ కార్డు చూసి ఒక కూపన్ నంబరు ఇస్తే ఏం పోతుంది? ఆ పేజీ తెలుగులో ఉంటే ఏం పోతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రెండూ అడుగుతూ మీ వార్డెన్‌కు అర్జీ రాయండి. సీనియర్లు ఒక ఆదివారం జూనియర్లను కూర్చోబెట్టి పైన చెప్పింది చేసి చూపించండి. "నాకు రాదు" అనే మాట మన పిల్లల నోట ఇక రాకూడదు.