ఆనపబుర్రలో సామలున్నాయా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో అడగండి: విత్తనం సామలు ఎన్ని ఉన్నాయి? నేనడిగితే మా అమ్మమ్మ ఖాళీ ఆనపబుర్ర చూపించింది.

మన పాడేరు ఏజెన్సీలో పెద్దోళ్లు పోడులో ఒక్క పంటే వేసేవాళ్లు కాదు. సామ, చోడి, కొర్ర, జొన్న, కంది కలిపి వేసేవారు. ఒకటి పోయినా ఇంకోటి చేతికొచ్చేది. ఇప్పుడు విత్తే టైంలో వాన ముఖం చాటేస్తోంది, కోతలప్పుడు తుపానై పడుతోంది. ఇలాంటి కాలానికే ఆ కలగలుపు పంట కావాలి. సరిగ్గా ఇప్పుడే దాన్ని వదిలేస్తున్నాం.

రేషన్ బియ్యంతో కడుపు నిండుతోంది, కాదనను. కానీ తినని పంట ఎవరు వేస్తారు? నేను ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు తిన్నా, ఒక్కరోజూ చోడంబలి పెట్టలేదు. అంబలంటే సిగ్గుపడటం అక్కడే నేర్చుకున్నా.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. అంటే చోడి, జొన్నలాంటివి. కాబట్టి ఇది మనం బతిమాలుకునే విషయం కాదు. మన గరువుల్లో పండిన చోడి, సామ మన దగ్గరే కొని డిపోకి, అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకి ఇవ్వాలని వచ్చే గ్రామసభలో తీర్మానం చేయండి.

ఈలోపు పక్కూళ్లో దోసెడు విత్తనం సామలు దొరికితే చెప్పండి. మా అమ్మమ్మ వెతుకుతోంది.