బీమా లేని బండి.. పొలం మీదికి వచ్చే బాకీ

హిందూపురం, మడకశిర, గోరంట్ల ప్రాంతాల నుంచి కూలికో, కొలువుకో, ఆస్పత్రికో బెంగళూరు వెళ్లి రావటం సరిహద్దు పల్లెలకు నిత్యకృత్యం. ఆ దారిలో పొంచి ఉన్న ముప్పు ఎంతటిదో 2023 అక్టోబరు 26న చిక్కబళ్లాపురం వద్ద తెలిసివచ్చింది. దసరా ముగించుకొని బెంగళూరుకు మరలుతున్నవారి వాహనం ఆగి ఉన్న ట్యాంకరును ఢీకొనగా 12 మందికి పైగా మరణించారు. మృతుల్లో పలువురు శ్రీ సత్యసాయి జిల్లా వారు.

ఇటువంటి ఘోరం జరిగిన పిదప మిగిలిన కుటుంబం నిలబడుతుందా, వీధిన పడుతుందా అన్నది తరచుగా ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటున్నది. ఆ కాగితమే వాహన బీమా.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేనిదే ప్రైవేటు వాహనమేదీ రోడ్డెక్కరాదు. 2019 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన సవరణ మేరకు మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. మరల పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు. బెంగళూరు కూడలిలో పోలీసులకు దొరికితే పోయేది ఈ కాస్త సొమ్మే కదా అని చాలామంది లెక్క ముగిస్తారు. అసలు లెక్క మొదలయ్యేది ప్రమాదం జరిగినపుడే.

బీమా ఉన్నచోట ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని కంపెనీ చెల్లిస్తుంది. మరణానికి, గాయాలకు ఈ బాధ్యతపై పరిమితి లేదు. బీమా లేనిచోట ఆ మొత్తం యజమాని, డ్రైవరుల మీద పడుతుంది. చెల్లించకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు ధ్రువపత్రం పంపవచ్చు. అపుడు భూమి శిస్తు బకాయి వలెనే పరిహారాన్ని వసూలు చేస్తారు. అనగా రోడ్డు మీద జరిగిన ప్రమాదం చేను గట్టు దాకా వస్తుంది. 1,000 నుంచి 1,500 సీసీ కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, పన్నులు అదనం. ఆ సొమ్ము మిగుల్చుకోబోయి తాతల నాటి భూమిని ఒడ్డటం ఏపాటి పొదుపు?

సెకండ్ హ్యాండ్ బండ్ల విషయంలో ప్రమాదం మరింత. బెంగళూరులో కారు అమ్మి, ఆర్‌సీ మార్చకుండా డబ్బు తీసుకొని వచ్చేవారున్నారు. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బండి నాలుగు చేతులు మారినా నోటీసు మొదటి పేరుగల వాని ఇంటికే వస్తుంది.

బీమా ఉన్నంత మాత్రాన నిశ్చింత కూడదు. సొంత వాడకానికి పాలసీ తీసుకున్న జీపులో కిరాయికి కూలీలను ఎక్కించుకుంటే అది షరతుల ఉల్లంఘన. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారులో ఊరికే ఎక్కించుకున్న బంధువులకు సాధారణంగా రక్షణ వర్తించదు. వారికి కూడా వర్తించాలంటే సమగ్ర పాలసీ తీసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లు, ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. ఆ గడువు తీరిన తేదీని మరచినవారే ఎక్కువగా చిక్కుకునే అవకాశముంది.

బాధిత కుటుంబాలు తెలుసుకోవలసిన మేలు కూడా ఒకటున్నది. ప్రమాదం బెంగళూరులో జరిగినా పరిహారం కోసం అక్కడి కోర్టుల చుట్టూనే తిరగనక్కరలేదు. 166వ సెక్షన్ ప్రకారం బాధితులు తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు పెట్టింది గనుక జాప్యం తగదు.

ఊరు దాటే ముందు టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు చూసుకోవటం అందరికీ అలవాటే. పాలసీ మీది తేదీని కూడా చూసుకోవటం ఇంటిల్లిపాదికీ క్షేమం.