ప్రతినాయకుడు – ఎస్.వి. రంగారావు

శత్రువు వంశాన్ని, శౌర్యాన్ని, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని నాయకుడు జయించాడని చెప్పడం ద్వారా కూడా నాయకుని ఔన్నత్యం రంజకంగా వ్యక్తమవుతుందని ఆలంకారికుడైన దండి ‘కావ్యాదర్శం’లో చెప్పాడు. తెలుగు చలనచిత్రాలలో ఈ సూత్రానికి సజీవ వ్యాఖ్యానంగా నిలిచిన నటుడు సామర్ల వెంకట రంగారావు. ఆయనను ‘విలన్’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం ఆయనకే కాదు, ప్రతినాయకుడనే భావనకే అన్యాయం.

1918 జులై 3న కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించిన రంగారావు కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశాడు. ‘వరూధిని’ (1947)లో ఆయన తొలి పాత్ర ప్రవరాఖ్యుడు! రాబోయే కాలపు మాంత్రికుడు, కీచకుడు మొదట నిష్ఠాగరిష్ఠుడైన బ్రాహ్మణ యువకునిగా తెరమీదికి రావడం విచిత్రమే. ఆ చిత్రం విజయం పొందలేదు. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగానికి వెళ్ళి, మరల చిత్రరంగానికి వచ్చిన ఆయనకు ‘షావుకారు’ (1950)లోని సున్నపు రంగడు, ‘పాతాళభైరవి’ (1951)లోని నేపాళ మాంత్రికుడు స్థిరమైన స్థానాన్ని సంపాదించిపెట్టాయి.

అయితే ఆయన ప్రజ్ఞకు గీటురాయి కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘నర్తనశాల’ (1963). భారతంలోని కీచకుడు కేవలం కాముకుడు కాడు. విరాటుని సేనాపతి, సింహబలుడు. అతడు మరణించాడని తెలిసిన తరువాతనే సుశర్మ మత్స్యదేశపు గోవులను పట్టడానికి సాహసించాడు. ఆ రాజ్యం ఎవరి భుజాలమీద నిలిచిందో దీనినిబట్టి తెలుస్తుంది. రంగారావు నడకలో ఆ ధీమా కనిపిస్తుంది. ఆయన కేకలు వేయడు. మాటను విరిచి, ఆపి, కనుబొమ్మతో పూర్తి చేస్తాడు. సైరంధ్రిని చూచిన క్షణంనుండి ఆ మహాబలుడు తన మనస్సును తాను గెలవలేక దిగజారిపోతాడు. ఆ పతనాన్ని చూసి ప్రేక్షకుడు జాలిపడనక్కరలేదు, భయపడాలి. బలహీనుడు చెడిపోతే అది వార్త, బలవంతుడు చెడిపోతే అది కావ్యవస్తువు. నేడు అనేక చిత్రాలలో ప్రతినాయకుడు నాయకుని చేత దెబ్బలు తినడానికే పుట్టినట్లుంటాడు. అట్టివానిని గెలిచిన నాయకునికి దక్కే గౌరవం ఎంత?

రంగారావు దేహం, కంఠమే ఆయనకు ఇంత పేరు తెచ్చాయని అనేవారు లేకపోలేదు. వారు ‘బంగారుపాప’లోని కోటయ్యను చూడాలి. జార్జ్ ఎలియట్ నవల ఆధారంగా బి.ఎన్. రెడ్డి తీసిన ఆ చిత్రంలో, నలభై ఏండ్లయినా నిండని రంగారావు ఒక పసిపాప వలన మనసు కరగిన మొరటు మనిషిగా జీవించాడు. అక్కడ ఆ భారీకాయం అడ్డురాలేదు సరికదా, ఆర్ద్రతకు ఆధారమయింది.

‘నర్తనశాల’లోని నటనకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయన ఉత్తమ నటునిగా ఎన్నికయ్యాడు. స్వదేశంలో మాత్రం పద్మ పురస్కారం ఆయనను వరించలేదు. 1974 జులై 18న మద్రాసులో, 56 ఏండ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. తపాలాశాఖ ఆయన చిత్రంతో బిళ్ళను విడుదల చేయడానికి 2013 వరకు పట్టింది.