ఆడవాళ్ళకి వేరే బెంచీ ఎందుకండీ?

మొన్నొక ఆదివారం మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళుండేది శ్రీ సిటీ పక్కనే. సత్యవేడు, వరదయ్యపాళెం దారుల్లో ఒకప్పుడు ఎడ్లబళ్ళ కోసం ఆగేవాళ్ళం. 2008లో శ్రీ సిటీ మొదలయ్యాక ఇప్పుడు కంపెనీ బస్సుల కోసం ఆగుతున్నాం. ఆ బస్సుల్లో చూడండి, కిటికీకి తల ఆనించి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, సగం నిద్రలో ఆడపిల్లలు! వాళ్ళేం వింటున్నారో ఎవరూ అడగరు. నేనూ అడిగిందాన్ని కాదు, ఆ ఆదివారం దాకా.

ఇంట్లో అడుగు పెడుతూనే హాల్లోంచి కేకలు వినిపించాయి. ఆస్తి తగాదా ఏమోనని గుండె గుభేలుమంది. తీరా చూస్తే మా అక్క కొడుకూ, అతని కంపెనీ స్నేహితులు ముగ్గురూను. ఇంతవరకూ వచ్చిన హిప్ హాప్ ఆల్బమ్‌లన్నిటిలోకీ గొప్పది ఏది? అదీ తగాదా! 1994లో నాస్ అనే ఆయన చేసిన 'ఇల్‌మాటిక్' అని ఒకడు. కాదు, 1992లో డాక్టర్ డ్రే చేసిన 'ది క్రానిక్' అని ఇంకొకడు. పబ్లిక్ ఎనిమీ బృందం 1988లో తెచ్చిన రికార్డు ముందు అవన్నీ దిగదుడుపే అని మూడోవాడు.

హిప్ హాప్ అంటే ఏమిటీ అని అడిగే అక్కయ్యల కోసం ఒక్క మాట. వెనక తాళం మోగుతూంటే ప్రాస మీద ప్రాస వేస్తూ, పాటకీ మాటకీ మధ్యగా చెప్పుకుపోయే విద్య అది. అమెరికాలో నల్లవారి పేటల్లో పుట్టింది. మన బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ దడదడలాడించేస్తాడే, దానికి దూరపు చుట్టం అనుకోండి.

ఇంతలో మా అక్క కూతురు వచ్చింది. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇల్లు చేరిన పిల్ల. నిద్రపోకుండా వీళ్ళకి వడలు తెచ్చి పెడుతోంది. పళ్ళెం బల్ల మీద పెట్టి, మెల్లిగా అంది:

"లారిన్ హిల్‌ది ఎవురూ చెప్పలేదే?"

వాడు తలైనా తిప్పలేదు. "అది లేడీస్ లిస్టులో ఫస్టులేమ్మా! మేము అన్నిట్లోకీ గొప్పదాని గురించి మాట్లాడతా ఉండాం," అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. మిగతా నవ్వుల మాటెలా ఉన్నా, ఆ చివరి నవ్వు నాకు నచ్చలేదు. ఆ నవ్వు మీకు తెలుసు, నాకూ తెలుసు. నోట్లోకొచ్చిన మాట మింగి, పైన చిరునవ్వు పూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతామే, అదే.

ఆ రాత్రే ఆ పిల్ల చేత ఆ రికార్డు పెట్టించుకుని విన్నాను. మర్నాడు మళ్ళీ విన్నాను. ఆ కుర్రాళ్ళు పొగిడినవీ విన్నాను సుమండీ, ఏకపక్షంగా తీర్పు చెప్పకూడదు కదా! విన్నాకే ఇది రాస్తున్నాను.

అసలు ఈ హిప్ హాప్ ఎక్కడ మొదలైందంటారు? 1973 ఆగస్టు 11న, న్యూయార్కులో బ్రాంక్స్ పేటలో ఒక విందులో. దాన్ని ఏర్పాటు చేసింది సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి. బడి తెరిచే రోజులొచ్చాయి, కొత్త బట్టలు కొనుక్కోవాలి. అందుకని కింద గది అద్దెకి తీసుకుని, ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టిక్కెట్టు పెట్టింది. రికార్డులు వెయ్యమని అన్నని కూచోబెట్టింది. అన్న కూల్ హెర్క్ హిప్ హాప్ పితామహుడయ్యాడు. చెల్లెలు ఏమైందంటారా? పితామహుడి చెల్లెలైంది! ఆ తర్వాత 1979లో 'రాపర్స్ డిలైట్' పాటని రికార్డు చేయించి ఈ విద్యని పేట దాటించి లోకం మీదికి తెచ్చిన నిర్మాత సిల్వియా రాబిన్‌సన్. ఆవిడా ఆడదే. పునాదికి రాళ్ళు మోసినప్పుడు లేని లేడీస్ లిస్టు, గృహప్రవేశం నాడు మటుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

సరే, రికార్డు సంగతి. 'ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' 1998లో వచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్ళు. తప్పుడు చదువు అనే అర్థంలో పెట్టిన ఆ పేరుకి మూలం నల్లవారి చదువుల మీద కార్టర్ వుడ్‌సన్ 1933లో రాసిన పుస్తకం. మొదట్లోనే ఒక తరగతి గది. మాస్టారు హాజరు పిలుస్తుంటాడు. పిల్లలంతా పలుకుతారు. లారిన్ హిల్ అని పిలుస్తాడు, జవాబుండదు. తర్వాత పాటల మధ్యన ఆ పిల్లలు ప్రేమంటే ఏమిటని మాట్లాడుకుంటూంటారు, ఆ క్లాసుకి రాని అమ్మాయి ప్రేమలో తను నేర్చుకున్నవి పాడుకుంటూ పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు, పైకొస్తున్న సమయంలో ఇదేమిటని హితవు చెప్పినవాళ్ళని కాదని కన్న కొడుకు మీద ఒక పాట ఉంది. ఉద్యోగమా, బిడ్డా అన్న ప్రశ్న ఏ మగవాడి రికార్డులోనైనా ఉందేమో వెతికి చెప్పమనండి! పేటలో తుపాకీ మోత కష్టం, ఇంట్లో ఉయ్యాల చప్పుడు కష్టం కాదూ? మొదటిది లోకం కథట, రెండోది ఆడవాళ్ళ గొడవట!

మా కుర్రాళ్ళ అభ్యంతరాలు మూడు. సగం పాడింది కాబట్టి అది హిప్ హాప్ కాదన్నారు. మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. హరికథలో భాగవతారు పాడతాడు, మాట్లాడతాడు, గజ్జె కట్టి ఆడతాడు. పాట ఎక్కువైంది, ఇది కథ కాదు అని లేచిపోయినవాణ్ణి నేను చూడలేదు.

సొంతంగా ఒక్క స్టూడియో రికార్డేగా చేసింది అన్నారు. గురజాడ పూర్తి చేసిన నాటకం ఎన్ని బాబూ? ఒక్క 'కన్యాశుల్కం' చాలదూ?

మూడోది కొంచెం గట్టిదే, దాచను. ఆ పాటల్లో తమ చెయ్యీ ఉందని కొందరు సంగీతకారులు 1998లో కోర్టుకెక్కారు, 2001లో రాజీ అయింది. పని చేసినవాళ్ళ పేరు ఉండి తీరాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ 'ఇల్‌మాటిక్'కీ నలుగురైదుగురు సంగీతం కట్టారు. అంతమాత్రాన నాస్ గొప్పతనం తగ్గిందని ఎవరూ అనలేదే! మగవాడికి సహాయకులుంటే బృందం, ఆడదానికి ఉంటే అనుమానమూనా?

బహుమతులంటారా, 1999లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పొందింది. ఆ గౌరవం దక్కిన మొదటి హిప్ హాప్ రికార్డు అదే. 2024లో యాపిల్ మ్యూజిక్ వాళ్ళు నూరు గొప్ప ఆల్బమ్‌లు ఏరి దాన్నే మొదట నిలబెట్టారు. అయినా బహుమతుల మీద ఆధారపడి నేను వాదించడం లేదు. విన్న చెవులతో వాదిస్తున్నాను.

నవ్వకండి, ఇది అమెరికా గొడవ కాదు. తిరుమలలో తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో మీరూ భోంచేసే ఉంటారు, నేనూ చేశాను. ఆవిడ కవయిత్రి, 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. ఆవిడ పేరు మీద అన్నం తిన్నవాళ్ళలో ఆవిడ పద్యం ఒక్కటైనా చదివినవాళ్ళు ఎందరంటారు? వడ్డించే చేతిగా అయితే గుర్తుంచుకుంటాం, రాసే చేతిగా అయితే మరిచిపోతాం. నా సంగతే చెప్తాను. ఒక సాహిత్య సభలో నవల మీద మాట్లాడమని పిలిచారు. వెళ్ళేసరికి నవల గురించి పొద్దున్నే మగవాళ్ళు మాట్లాడేశారు, మాది భోజనాల తర్వాత 'మహిళా విభాగం'. బస్సులో మనకి వేరే సీట్లుండడం అవసరమే, తోపులాట తప్పుతుంది. కానీ గొప్పదనానికి వేరే బెంచీ ఎందుకండీ? అది గౌరవంగా బయట కూచోబెట్టడమే!

మళ్ళీ ఆదివారం పనిగట్టుకుని వెళ్ళాను. ఒరే అబ్బాయీ, ఇవాళ వడలు నువ్వు తే, అది కూచుంటుంది అన్నాను. వాడు గొణుక్కుంటూ లేచాడు. ఆ పిల్ల కూచుంది. రెండు గంటలు వాదించింది, ఏ పాట వెనక ఏ తాళం ఉందో, ఎవరి మాటలో పదునుందో అన్నీ చెప్పింది. కుర్రాళ్ళు చెవులప్పగించారు. చివరికి నేను గర్వంగా, "చెప్పవే, ఏది ఫస్టు?" అన్నాను.

"పబ్లిక్ ఎనిమీది ఫస్టు పిన్నమ్మా. లారిన్ హిల్‌ది రెండు," అంది!

నేను తెల్లబోయాను. వీళ్ళందరితో నేను చేసిన యుద్ధం ఏం కాను?

"అది ఫస్టని నేనెప్పుడు చెప్పినాను? ఎవురూ పేరెత్తలేదే అన్నా, అంతే," అంది.

నా లెక్కలో మటుకు ఇప్పటికీ లారిన్ హిల్‌దే మొదటిది. ఆ పిల్లతో ఆ విషయం మీద ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. కానీ అసలు మాట అదే చెప్పింది. మొదటి స్థానం ఇమ్మని కాదు, హాజరు పిలవమని. ఒకే పట్టీలో మా పేరూ పిలవండి. పలకడం, పోట్లాడడం మేము చూసుకుంటాం.