సుంకం సరే, షరతు ఏది?

ఉక్కు ధర పడితే ఆ దిగులు జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్ ఇళ్లలోకి వస్తుంది. జీతం పెద్ద కర్మాగారం ఇచ్చేదైనా, పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లోని చిన్న షెడ్డు ఇచ్చేదైనా ఒకటే. ఉత్తరాంధ్ర నుంచి తాతల నాడే జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన సంగతే.

ధర పడటం వెనుక చైనా ఉంది. 1949లో చైనా తయారు చేసిన ఉక్కు 2 లక్షల టన్నులకు లోపే. 2024లో అది 100 కోట్ల టన్నులు దాటింది. ఆ ఏడాది మనది 15 కోట్ల టన్నుల దగ్గరే ఉంది. చైనాలో ఇళ్ల నిర్మాణం చతికిలపడటంతో ఆ ఒక్క ఏడాదే సుమారు 11 కోట్ల టన్నులు బయటి మార్కెట్ల మీద పడ్డాయి. అందుకే కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఫ్లాట్ ఉక్కుపై 12 శాతం రక్షణ సుంకం వేసింది. డిసెంబరులో దాన్ని మూడేళ్లకు ఖాయం చేసి, ఏటా అర శాతం తగ్గేలా నిర్ణయించింది. ఇది చేయవలసిన పనే. చవగ్గా వస్తోంది కదా అని పొరుగువాడి మీదే ఆధారపడితే ఏమవుతుందో అదే ఏడాది చూశాం. అరుదైన ఖనిజాల అయస్కాంతాలకు చైనా ఎగుమతి లైసెన్సు పెట్టగానే మన వాహన కంపెనీలు కంగారుపడ్డాయి.

అయితే ఆదిత్యపూర్ షెడ్డు ఉక్కు తయారు చేయదు, కొంటుంది. ఉక్కు చుట్ట (కాయిల్) ధర పెరిగితే ఆ భారం ముందు దానిదే. తాను చేసే విడిభాగం ధర పెంచుతానంటే దాన్ని కొనే పెద్ద కంపెనీ ఒప్పుకోదు. మిల్లును కాపాడే సుంకం ఆ మిల్లు మీద బతికే చిన్న యూనిట్‌ను నలిపేస్తే అది సగం విధానమే.

జంషెడ్‌పూర్‌కు ఇలాంటి రక్షణ కొత్త కాదు. విదేశీ చవక ఉక్కు దెబ్బకు టాటా కర్మాగారం కుంగినప్పుడు, టారిఫ్ బోర్డు విచారణ జరిపాక, 1924లో చట్టం చేసి రక్షణ ఇచ్చారు. అదీ మూడేళ్లకే. కొన్నాళ్లకు రక్షణ లేకుండా నిలబడగల పరిశ్రమకే రక్షణ ఇవ్వాలన్నది ఆనాటి నియమం. గడువు ముగిశాక మళ్లీ విచారించాకే పొడిగించారు. పరాయి పాలకులే అంత లెక్క అడిగితే, చిన్న యూనిట్ల లెక్క కూడా మన ప్రభుత్వం అడగొద్దా?

సుంకం వల్ల లాభం పొందే మిల్లులు చిన్న యూనిట్లకు కాయిల్స్ ఏ ధరకు అమ్ముతున్నాయో మూడు నెలలకోసారి ప్రకటించాలి. ఆ ధర అదుపు తప్పితే మూడేళ్ల గడువు కోసం చూడకుండా సుంకం తగ్గించాలి. ఈ రెండు షరతులనూ కేంద్రం ఇప్పుడే ఉత్తర్వులో చేర్చాలి.