ల్యాప్‌టాప్ పెట్టి పికప్ పెంచితే...

శ్రీశైలం ఘాట్ రోడ్డు. ముందు లోడు లారీ. వెనక సీట్లో అమ్మ, చెల్లి. డిక్కీ నిండా సామాను. దాటేద్దామని యాక్సిలరేటర్ నొక్కితే కారు ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు కదులుతుంది.

'నాన్నా, పాతిక వేలు పెడితే రీమ్యాప్ చేసిస్తారట. బండి దూసుకుపోతుందట' అంటాడు కొడుకు.

'ఏం మారుస్తారు?'

'పార్టులేవీ మార్చరు. ల్యాప్‌టాప్ పెట్టి ఏదో రాస్తారంతే.'

'ఏమీ మార్చకపోతే పాతిక వేలెందుకురా?'

పాత డీజిల్ స్విఫ్ట్ ఉన్న ఇళ్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కొడుకు ఆశలో తప్పులేదు. తండ్రి అనుమానంలోనూ తప్పులేదు.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ నేరుగా ఇంజిన్‌కి డీజిల్ పంపదు. 'డ్రైవరు ఇంత అడుగుతున్నాడు' అని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌కి కబురు చేరవేస్తుందంతే. ఏ వేగంలో ఎంత డీజిల్ చిమ్మాలి, ఏ క్షణాన చిమ్మాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి... ఇవన్నీ అందులో ఎక్కాల పుస్తకంలా పట్టికలుగా ఉంటాయి. వాటినే మ్యాప్‌లంటారు. ఆ అంకెల్ని మార్చి రాయడమే రీమ్యాపింగ్.

దానివల్ల లాభం లేదనలేం. టర్బో డీజిల్ కార్లలో 20 నుంచి 30 శాతం దాకా శక్తి పెరుగుతుందని ఆ పని చేసేవాళ్లు చెబుతారు. అది ఒట్టి మాటేం కాదు. టర్బో లేని పెట్రోలు కారుకైతే మాత్రం డబ్బు దండగ. అదనంగా గాలిని నెట్టే సాధనమే లేనప్పుడు అంకెలు మార్చి ఏం ప్రయోజనం?

మరి అంత శక్తి ఉంటే కంపెనీ ఎందుకు దాచుకున్నట్టు? పిసినారితనంతో కాదు. అదే కారు రామగుండం ఎండలోనూ లేహ్ చలిలోనూ నడవాలి. కల్తీ డీజిల్ తాగాలి. టైముకి ఆయిల్ మార్పించని యజమాని చేతిలో కూడా లక్షన్నర కిలోమీటర్లు తిరగాలి. అందుకోసం కొంత మిగులు ఉంచుతారు. కొత్త మ్యాప్ తెచ్చే శక్తి ఆ మిగుల్లోంచి తీసిందే.

స్విఫ్ట్ సంగతే చూడండి. అందులోది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్. డిజైర్, ఇండికా విస్టా, పుంటో... ఇన్ని కార్లలో అదే ఉండటంతో సరదాగా 'జాతీయ ఇంజిన్' అనేవారు. స్విఫ్ట్‌లో దాని శక్తి 75 పీఎస్, టార్క్ (అంటే లాగుడు) 190 న్యూటన్ మీటర్లు. అదే ఇంజిన్ ఎర్టిగాలో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. 'ఇంకేం, అంకెలు మారిస్తే స్విఫ్ట్ కూడా 90 అయిపోతుంది' అనుకుంటారు కుర్రాళ్లు. కానీ ఆ రెండింటి టర్బోలే వేరు. 90 పీఎస్ ఇంజిన్‌ది రెక్కల కోణం మార్చుకునే రకం. అందుకే తక్కువ వేగంలోనే గాలి అందుకుంటుంది. స్విఫ్ట్‌ది ఆ వెసులుబాటు లేని మామూలు రకం. ఇంజిన్ 2,000 తిరుగుళ్లకు చేరేదాకా దాని టర్బో సరిగ్గా నిద్రలేవదు. ఆ నిద్రని ల్యాప్‌టాప్ పూర్తిగా వదిలించలేదు. రీమ్యాప్ ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం టర్బో లేచాకే వస్తుంది. హైవే మీద బాగానే తెలుస్తుంది. ఘాట్‌లో లారీ వెనక, కొడుకు విసుక్కున్న ఆ ఒక్క క్షణం మాత్రం చాలావరకూ అలాగే ఉంటుంది!

పెరిగిన టార్క్ ముందుగా పడేది క్లచ్ మీద. పైకెక్కుతుంటే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు... అంటే క్లచ్ జారుతోందన్నమాట. ఆటోమేటిక్ అయితే మరీ జాగ్రత్త. ఫోక్స్‌వ్యాగన్ వెంటో డీజిల్ ఆటోమేటిక్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. అందులోని ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సు తట్టుకోవడానికి కంపెనీ పెట్టుకున్న హద్దూ 250నే. అక్కడ మిగులేది?

మైలేజీ పెరుగుతుందన్న మాట ఒకటుంది. తక్కువ తిరుగుళ్లలోనే పెద్ద గేరు వేసుకుని నెమ్మదిగా నడిపేవాళ్లకి కాస్త కలిసిరావచ్చు. కొత్త పికప్ చేతికొచ్చాక నెమ్మదిగా నడిపేదెవరన్నది వేరే సంగతి. ఈసీయూ జోలికి పోకుండా వైరింగ్ మధ్యలో తగిలించే ట్యూనింగ్ బాక్సులూ దొరుకుతాయి. వాటిలో చాలావరకూ డీజిల్ పీడనం ఉన్నదానికంటే తక్కువని కంప్యూటర్‌కి అబద్ధం చెబుతాయి. దాంతో అది నిజానికి చిమ్మినదానికన్నా తక్కువ డీజిల్‌ని లెక్క వేసుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది. నమ్మాల్సింది ఫుల్ ట్యాంకు నుంచి మళ్లీ ఫుల్ ట్యాంకుకి వేసే లెక్కనే.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. దాన్ని తీసేసి, కంప్యూటర్‌కి తెలియకుండా రాసిస్తామనే వాళ్లున్నారు. ఆ మసి పోయేది వెనకొచ్చే స్కూటరు వాళ్ల ముక్కుల్లోకే. సాఫ్ట్‌వేర్‌తో పొగ పరీక్షని బోల్తా కొట్టించిందని 2015లో అమెరికాలో బయటపడ్డాక ఫోక్స్‌వ్యాగన్ కట్టిన మూల్యం తెలిసిందే. ఇక వారంటీ. పాత మ్యాప్ తిరిగి రాయిస్తే ఎవరికీ తెలియదనుకుంటారు. కానీ ఎన్నిసార్లు రాశారన్న లెక్క కొన్ని ఈసీయూల్లో ఉండిపోతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేయిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. ఇంటిల్లిపాదీ తిరిగే కారుకి అది చిన్న విషయం కాదు.

వారంటీ దాటిన, ఆరోగ్యంగా ఉన్న టర్బో డీజిల్‌కి, పొగ జోలికి పోని ఓ మోస్తరు మ్యాప్ అయితే ఆలోచించవచ్చు. చేసేవాళ్లు పాత ఫైలు కాపీ ఇస్తామనాలి. రాసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ పెట్టాలి. మధ్యలో కరెంటు తగ్గితే ఈసీయూ మొరాయించవచ్చు.

మారుతి డీజిల్ కార్లు 2020లోనే ఆగిపోయాయి. కాబట్టి ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి డీజిల్ స్విఫ్టూ కాస్త వయసు మీద పడిందే. లక్ష దాటిన బండి మందగించిందంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజెక్టర్లు అరిగి ఉండొచ్చు. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తెచ్చే రబ్బరు గొట్టం పగిలి ఉండొచ్చు. ఘాట్ దిగొచ్చిన తండ్రీకొడుకులు ముందు బండిని తమ మెకానిక్ దగ్గర వదిలి, ఆ గొట్టాన్ని విప్పి చూడమంటే సరి. పాతిక వేల సంగతి ఆ తర్వాత.