అలంకారము, ఆధారము

పరీక్షల కాలములో మన పిల్లలు అలంకారములు వల్లె వేస్తుంటారు. ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము అని నాలుగు పేర్లు అప్పజెప్పి, మార్కులు తెచ్చుకొని, మరునాటికి మరచిపోతారు. అదే పిల్లలు వక్తృత్వపు పోటీలో ఆరోగ్యమును గూర్చి మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటారు. ఈ రెండు చదువులకు సంబంధమున్నదని వారికి చెప్పేవారు తక్కువ. ఈ నెల మేము ఆ సంగతే వ్రాయదలచాము. ఎందుకనగా మన కుప్పం, పుంగనూరు, మదనపల్లి పల్లెలలో దగ్గుతోనున్న మనిషి మాత్ర మింగునా మానునా అన్నది చాలాసార్లు అరుగు మీద ఎవరో చెప్పిన ఒక చక్కని పోలికను బట్టే తేలిపోతుంది.

క్షయ అనే మాటనే తీసుకొనండి. క్షయమంటే తరిగిపోవుట. కృష్ణపక్షపు చంద్రుని పోలిక ఆ పేరులోనే దాగియున్నది. పాత వైద్యులు రాజయక్ష్మమన్నారు, అంటే రోగములలో రాజు. మందు లేని దినములలో ఆ పేర్లు తగినవే. 1882లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాఖ్ దానికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు, 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, నేడు అది నయమయ్యే జబ్బు. పేరు మాత్రము పాత భయమును మోస్తూనే యున్నది. అందుకే ఇంటివారు ఆ మాట పలుకక "ఆ జబ్బు" అంటారు, పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉంటే మరీను. 1915లో కొన్ని మిషనులు కలిసి మదనపల్లి దగ్గర క్షయ ఆస్పత్రి తెరచిన చోటికి ఆరోగ్యవరము అని పేరు పెట్టినవారెవరో గాని, మాట బలము ఎరిగినవారు.

అలంకారములన్నిటిలోను జాగ్రత్తగా నేర్వవలసినది అర్థాంతరన్యాసము. విశేషమును సామాన్యముతో గాని, సామాన్యమును విశేషముతో గాని సమర్థించి చెప్పుట దాని లక్షణము. "మా తాత అరవై ఏండ్లు బీడీ త్రాగి తొంభై ఏండ్లు బ్రతికాడు, గట్టి ఒంటిని పొగ ఏమి చేస్తుంది?" లక్షణము చక్కగా కుదిరింది, మార్కులు పడతాయి. పద్యములో ఇది అందమే. ఊపిరితిత్తుల విషయములో మట్టుకు చాలదు. ఆ తాతతోపాటు బీడీ మొదలుపెట్టి నలభై ఏండ్లకే పోయినవారు అరుగు మీదికి వచ్చి మాట్లాడలేరు గదా!

మన దేశపు తర్కశాస్త్రములో దీనికి విరుగుడు ఉన్నది. ముందు ప్రతిజ్ఞ చెప్పాలి: కొండ మీద నిప్పు ఉన్నది. తరువాత హేతువు: పొగ కనబడుచున్నది గనుక. ఆ తరువాత ఉదాహరణము: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటిలో వలె. ఇక్కడ వంటిల్లు అందము కొరకు వచ్చిన పోలిక కాదు, పొగకు నిప్పుకు గల సంబంధమునకు సాక్షి. ఇదే వరుసలో మన కుప్పం సంగతి వ్రాసి చూడండి. గ్రానైటు క్వారీలో రాయి తొలిచేవారికి క్షయ ముప్పు ఎక్కువ. వారు పీల్చే దుమ్ములో సిలికా ఉన్నది గనుక. సిలికా దుమ్ము పీల్చిన గని పనివారికి క్షయ ఇతరులకంటె ఎక్కువగా వచ్చినట్లు అనేక దేశములలో చూచారు గనుక. ఒక్క అలంకారము లేదు. అయినా నీళ్ళు పోసి రాయి తొలిపించమని యజమానిని అడుగుటకు ఈ మూడు వాక్యములు చాలును.

పెద్దలు వాదించుకొన్న ఒక సంగతి మన ముంగిటిలోనే యున్నది. బి.సి.జి. టీకాను 1921లో ఫ్రాన్సులో మొదటిసారి పసిబిడ్డకు ఇచ్చారు. మన దేశములో 1948లో ఆ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లి ఒకటి. 1955లో రాజాజీగారు తాను ఈ టీకాను ఎందుకు వ్యతిరేకిస్తున్నారో చెప్పుచు ఒక చిన్న పుస్తకమే వేశారు. మాట నేర్పులో ఆయనకు సాటి కొద్దిమందే. బ్రతికియున్న క్రిములను ఆరోగ్యముగానున్న పిల్లలకు ఎక్కించుట తగదని ఆయన వాదన. అటువంటి వాదనకు భయపెట్టే ఉదాహరణము కూడ దొరుకుతుంది: 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణములో ఈ టీకా పుచ్చుకొన్న పసివారు 70 మందికి పైగా చనిపోయారు. ఆ మాట నిజము. అయితే అక్కడి ప్రయోగశాలలో టీకా మందులో అసలు క్షయక్రిములు కలిసిపోవుట దానికి కారణము. ఉదాహరణము నిజమైనంత మాత్రాన హేతువు నిలువదు.

అవతలి వైపువారు టీకా కవచమువంటిదన్నారు. ఈ ఉపమానమును కూడ పరీక్షింపవలసినదే గదా! 1950లలో మదనపల్లి చుట్టుప్రక్కల పల్లెలలో పరీక్షించి చూచినప్పుడు కొంత కాపుదల కనబడింది. తరువాత 1968లో చెంగల్పట్టులో చాలా పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. కొందరికి టీకా, కొందరికి మందు లేని ఉత్త సూది. ఎవరికి ఏది వేసినదీ వేసినవారికే తెలియకుండ ఏర్పాటు చేశారు. 1979లో ఫలితము వచ్చింది: ఊపిరితిత్తుల క్షయనుండి కాపుదల కనబడలేదు. అయితే పసివారికి మెదడు పొరలకు వచ్చే క్షయనుండి, ఒళ్ళంతా ప్రాకే క్షయనుండి ఈ టీకా కాపాడుతుందని వేరే పరిశోధనలు చూపినవి గనుక నేటికిని పుట్టిన బిడ్డకు వేస్తున్నారు. కవచము కొంత మేరకే కవచము, భయము కూడ కొంత మేరకే నిజము. చప్పట్లు ఎవరికి ఎక్కువ వచ్చినవో చూచి ఈ సంగతి తేల్చుట ఎవరి తరము?

మరొక పోలిక. క్షయరోగిని ఇంట ఉంచుకొనుట గడ్డివాము ప్రక్కన నిప్పు పెట్టుకొన్నట్లే అంటారు. వినగానే ఎంత సబబుగా ఉన్నది! 1956లో మద్రాసులో రోగులను చీట్లు తీసినట్లు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును ఇండ్లలోను మరొక గుంపును శానటోరియములోను ఉంచి, ఒక సంవత్సరము ఒకే మందులు ఇచ్చారు. ఇండ్లలోనున్నవారు పేదలు, తిండి తక్కువ, గాలి వెలుతురు తక్కువ. అయినా ఇంచుమించు అవతలివారివలెనే బాగుపడ్డారు, వారి ఇంటివారికి జబ్బు ఎక్కువగా అంటలేదు. అంటవలసినది చాలమట్టుకు మందు మొదలుపెట్టక ముందే అంటియుంటుంది, మందు పడిన తరువాత అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది. గడ్డివాము పోలికలో మందుకు చోటే లేదు!

పోలికలే వద్దని మేము చెప్పము. రెండు నెలలు మాత్రలు మింగి దగ్గు తగ్గగానే "నిప్పు ఆరింది, ఇంకా నీళ్ళెందుకు?" అనే మనిషికి "అది నివురు గప్పిన నిప్పయ్యా" అని చెప్పండి. చదువు రాని అవ్వకు కూడ తెలుస్తుంది. అయితే పోలిక బాగున్నదని ఆ మాట నమ్మమనకండి. అవే మందులను నాలుగు నెలలకే ఆపి చూచినప్పుడు, ఆరు నెలలు వాడినవారికంటె ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టింది. ఆ లెక్క కూడ అవ్వకు చెప్పండి, ఆమెకు లెక్కలు వచ్చును. రెండు వారములు మించి దగ్గు ఉన్నవారికి ప్రభుత్వాస్పత్రిలో కళ్ళె పరీక్ష ఉచితమనీ, జబ్బు తేలితే మందులు కూడ ఉచితమనీ అదే కూర్చున్న పాటున చెప్పి రండి.